కొనేవారి ప్రశ్నల పుస్తకం: ఇంటి పచ్చళ్ళ వ్యాపారానికి ప్రచారం చేసుకునే పద్ధతి

ఇంట్లో పచ్చళ్ళు పట్టి అమ్మడం మొదలుపెట్టినవారికి ప్రచారం అనగానే లోగో, రీల్స్, ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి వేసే ప్రకటనలు గుర్తుకొస్తాయి. అవి అవసరమే కానీ, వాటి వంతు తర్వాత వస్తుంది. నెలకు యాభై నుంచి మూడు వందల ఆర్డర్ల దాకా చేసే వ్యాపారంలో అమ్మకం చేజారేది ఎక్కువగా మనం ఎవరికీ తెలియకపోవడం వల్ల కాదు. ఫోన్ చేసి అడిగినవారికి జవాబు ఆలస్యమవడం వల్ల, ఒకరికి ఒక ధరా మరొకరికి ఇంకో ధరా చెప్పడం వల్ల, ‘ఏ నూనె వాడతారు’ అన్న చిన్న ప్రశ్నకు సూటిగా బదులివ్వకపోవడం వల్ల చేజారుతుంది. అందుకే ఈ మార్గదర్శి కొనేవారి ప్రశ్నలతో మొదలై, లేబుల్, ధర, వాట్సాప్, ఫోటోలు, ఫిర్యాదులు అన్నిటినీ ఆ ప్రశ్నల మీదే కడుతుంది. ఉదాహరణలన్నీ పచ్చళ్ళవే అయినా, పిండివంటలు, పొడులు, బట్టలు కుట్టే వ్యాపారాలకూ పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: ప్రశ్నలు రాసుకోవడం

ఒక నోటు పుస్తకం కొని ఫోను పక్కనే పెట్టుకోవాలి. నెల రోజులపాటు కొనడానికి వచ్చినవారు, ఫోన్ చేసినవారు, వాట్సాప్‌లో పలకరించినవారు అడిగిన ప్రతి ప్రశ్ననూ వారి మాటల్లోనే రాయాలి. మన భాషలోకి మార్చి రాస్తే దాని విలువ సగం పోతుంది. ‘వెల్లుల్లి వేస్తారా?’, ‘కారం మరీ మంటగా ఉంటుందా, పిల్లలు తినగలరా?’, ‘ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఎన్నాళ్ళు ఆగుతుంది?’, ‘పావుకిలో ఇస్తారా?’, ‘హైదరాబాద్‌కు కొరియర్ ఎంత పడుతుంది?’, ‘మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు, సూట్‌కేసులో కారకుండా కట్టిస్తారా?’ వంటివి పది రోజులు తిరగకుండానే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

మాటల్లోని తేడాలను కూడా గమనించాలి. కోస్తాలో ఊరగాయ, పచ్చడి అన్నదాన్ని తెలంగాణలో చాలామంది తొక్కు అంటారు. ‘మామిడికాయ తొక్కు ఉందా?’ అని అడిగినవారికి మన జాబితాలో ‘ఆవకాయ’ అన్న పేరొక్కటే కనిపిస్తే, అది తమకు కావలసినదో కాదో వారికి తేలదు. జాబితాలో రెండు పేర్లూ రాయడానికి ఖర్చేమీ లేదు. అలాగే చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు కాబట్టి, పోస్టుల్లో పచ్చడి పేరు రెండు లిపుల్లోనూ ఉండాలి.

నెల పూర్తయ్యాక ప్రశ్నలను మూడు కుప్పలుగా విడదీయాలి: వస్తువు గురించినవి, నమ్మకం గురించినవి, డబ్బు, రవాణాల గురించినవి. నమ్మకం గురించిన ప్రశ్నలు పైకి వేరుగా వినిపిస్తాయి. ‘మీ ఇల్లెక్కడండీ?’ అని అడిగినవారిలో చాలామందికి చిరునామాతో పని ఉండదు. డబ్బు ముందే పంపితే పచ్చడి వస్తుందా రాదా అన్నదే వారి సందేహం. ఈ కుప్పలో ఎన్ని ప్రశ్నలు పడితే మన ప్రచారంలో అంత లోటు ఉందని అర్థం.

రెండో మెట్టు: మన మాట ఒక్క వాక్యంలో

‘అమ్మ చేతి రుచి’, ‘నాణ్యతే మా ధ్యేయం’, ‘సంప్రదాయ పద్ధతిలో’ అన్నవి పచ్చళ్ళు అమ్మే ప్రతివారూ రాసే మాటలే. రాష్ట్రంలోని అమ్మలందరి చేతి రుచీ ఒక్కటే అయితే మన దగ్గరే ఎందుకు కొనాలో ఎవరికీ బోధపడదు. అలంకారాలు మాని, చూసి సరిపోల్చుకోగల వివరం ఇవ్వాలి. ‘కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ, గానుగ నువ్వుల నూనె, గుంటూరు మిరపకాయలు తెచ్చి మేమే ఆడించిన కారం, వెల్లుల్లి వేసినదీ వేయనిదీ వేర్వేరు జాడీలలో’ అన్నప్పుడు, వినేవారికి కావలసినదీ అక్కర్లేనిదీ వెంటనే తెలుస్తుంది. పైగా ఆ మాటను వారు ఇంకొకరికి చెప్పగలరు. నోటి మాట అంటే ఇదే. ‘బాగుంటుందట’ అన్న మాట ఒక చెవి దాటి వెళ్ళడం కష్టం, ‘వెల్లుల్లి లేని ఆవకాయ వేరే జాడీలో పడతారట’ అన్న మాట నాలుగిళ్ళు దాటుతుంది.

ఈ వాక్యాన్ని తయారుచేసేటప్పుడు ప్రశ్నల పుస్తకంలో ఎక్కువసార్లు కనిపించిన రెండు మూడు ప్రశ్నలకు జవాబులు అందులో ఇమిడేలా చూడాలి. నిజం కానిది ఒక్కటీ ఉండకూడదు. సగం నువ్వుల నూనె, సగం వేరుశెనగ నూనె వాడుతుంటే అలాగే చెప్పాలి. చాలామంది దాన్ని లోపంగా భావించరు, దాచినట్టు తెలిస్తే మాత్రం క్షమించరు.

మూడో మెట్టు: లేబుల్

సీసా మీది లేబుల్‌ను చట్టం కోసం అంటించే కాగితంగా చూసేవారే ఎక్కువ. కానీ మన ప్రకటనల్లో కొనేవారి వంటింట్లో నెలల తరబడి కళ్ళముందు ఉండేది అదొక్కటే. ముందుగా చట్టం సంగతి. ఆహార పదార్థాలు అమ్మేవారు ఇంటి నుంచి అమ్మినా సరే, దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ తీసుకోవాలి. వార్షిక అమ్మకాలు తక్కువగా ఉన్న వ్యాపారాలకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది. దరఖాస్తును ఆ సంస్థ వెబ్‌సైటు ఫాస్కాస్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. అక్కడ వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. దానితోపాటు పదార్థం పేరు, వాడిన దినుసులు ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు వరుసగా, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు త్రికోణం, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు (ఒకే విడతలో పట్టిన సీసాలన్నిటికీ ఇచ్చే నంబరు), అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. పోషక విలువల పట్టిక వంటి మిగతా అంశాల్లో మనకు ఏవి వర్తిస్తాయో, ఏవి వర్తించవో ఆహార భద్రత అధికారిని ఒకసారి అడిగి తెలుసుకున్నాకే లేబుళ్ళు అచ్చుకు ఇవ్వడం మంచిది. అయిదు వేల లేబుళ్ళు అచ్చయ్యాక తప్పు దొరికితే ఆ నష్టం మనదే.

ఇక లేబుల్ మీద గొప్పలు. ప్రకటనలపై 2018లో వచ్చిన ఆహార నిబంధనలు ‘సహజం’, ‘తాజా’, ‘స్వచ్ఛం’, ‘అసలైన’ వంటి మాటలను ఎప్పుడు వాడవచ్చో పరిమితులు పెట్టాయి. పచ్చడి తింటే షుగరు తగ్గుతుందనో రోగనిరోధక శక్తి పెరుగుతుందనో రాయడం మరీ ప్రమాదకరం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఉసిరికాయ మీద ప్రేమతోనే అయినా అంత మాట అననక్కర్లేదు.

చట్టం అడగని రెండు వాక్యాలను మాత్రం తప్పక చేర్చండి. ‘పొడి గరిటె మాత్రమే వాడండి’, ‘నూనె పైకి తేలి ఉండేలా చూసుకోండి, తగ్గితే కాచి చల్లార్చిన నూనె పోయండి’. ఎన్నాళ్ళు నిలవ ఉంటుందన్న ప్రశ్నకు ఇది జవాబు, రేపు రాబోయే ఫిర్యాదుల్లో చాలావాటికి ముందుజాగ్రత్త కూడా. విదేశాలకు వెళ్ళే సీసాల విషయంలో ఇంకో సంగతి ఉంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా ప్రధాన అలెర్జీ కారకాల జాబితాలో చేర్చారు. మన పచ్చళ్ళలో నువ్వుల నూనె లేనివి తక్కువ కాబట్టి ఆ మాట స్పష్టంగా కనిపించాలి. మాంసం పచ్చళ్ళను చాలా దేశాలు లోపలికి రానివ్వవు, కాబట్టి ఆర్డరు తీసుకునే ముందే ఆ సంగతి చెప్పాలి.

నాలుగో మెట్టు: ధర చెప్పే తీరు

‘ధర కోసం మెసేజ్ చేయండి’ అన్న వాక్యాన్ని ఈరోజే తీసేయండి. ధర అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయినవారు ఎందరో మనకు ఎప్పటికీ తెలియదు. అడిగినవారికి ఒక్కొక్కరికీ జవాబివ్వడానికి పట్టే సమయం కూడా ఖర్చే. పావుకిలో, అరకిలో, కిలో ధరలు, కొరియర్ ఖర్చు ఊరు దాటితే ఎంత, రాష్ట్రం దాటితే ఎంత అన్నది ఒకే బొమ్మలో రాసి అన్నిచోట్లా అదే పెట్టాలి.

‘బజార్లో సగం ధరకే వస్తోంది కదండీ’ అన్న మాట తప్పకుండా వినబడుతుంది. దీనికి జవాబును ముందే, కోపం లేని వేళ, రాసి పెట్టుకోవాలి. ధర ఎక్కువని అన్న కొనుగోలుదారుకు విసుగుతో పంపిన వాయిస్ మెసేజ్ ఊరంతా తిరిగి, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పేరు ఒక్క వారంలో పోవడం తెలుగువారు చూడని సంగతి కాదు. జవాబు ఇలా ఉండవచ్చు:

‘నమస్కారమండీ. మీరన్నది నిజమే, బజారు ధరకన్నా మాది ఎక్కువే. కిలో ఆవకాయలో గానుగ నూనెకూ ఆడించిన కారానికీ మాకు పడే ఖర్చు వల్ల ఈ ధర పెట్టక తప్పడం లేదు. ముందు పావుకిలో తీసుకుని రుచి చూడండి, నచ్చితేనే పెద్ద సీసా తీసుకోండి.’

ఈ జవాబులో వాదన లేదు, బజారు పచ్చడి మీద నింద లేదు, కొనమని బతిమాలడమూ లేదు. ఏడాది మధ్యలో ధర పెంచవలసి వస్తే కనీసం వారం ముందు చెప్పాలి, కారణం ఒక వాక్యంలో రాయాలి, పాత ధరకు ఏ తేదీ దాకా ఇస్తామో తెలపాలి. ఆ వారంలో పాత కొనుగోలుదారుల ఆర్డర్లు పెరగడం మామూలే.

డబ్బు పంపించేటప్పుడు జరిగే ఒక చిన్న తడబాటు చాలామంది దృష్టికి రాదు. యూపీఐలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఖాతాదారు పేరు కనిపిస్తుంది. వ్యాపారానికి ఒక పేరుండి, ఖాతా భర్త పేరనో కొడుకు పేరనో ఉంటే, పంపేవారు అక్కడ ఆగిపోతారు. ‘డబ్బు పంపేటప్పుడు ఫలానా పేరు కనిపిస్తుంది, అది మా ఇంటివారిదే’ అని క్యూఆర్ బొమ్మ కిందే రాసిపెట్టండి. వీలైతే బ్యాంకులో వ్యాపారం పేరున కరెంట్ అకౌంట్ (వ్యాపార లావాదేవీల ఖాతా) తెరవడం ఇంకా మేలు.

అయిదో మెట్టు: వాట్సాప్ బిజినెస్

ఇంటి నంబరు మీద వ్యాపారం నడిపితే పెళ్ళి పిలుపుల మధ్య ఆర్డర్లు కొట్టుకుపోతాయి. వేరే సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోవాలి. ప్రొఫైల్‌లో చిరునామా, పని వేళలు, రెండో మెట్టులో రాసుకున్న ఒక్క వాక్యం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు పెట్టాలి. నమ్మకం గురించిన ప్రశ్నల్లో సగం ఇక్కడే తీరుతాయి. కేటలాగ్‌లో ఒక్కో పచ్చడికి ఒక ఫోటో, బరువు, ధర, దినుసులు ఉండాలి. లేని సరుకును ఆరోజే కనబడకుండా దాచాలి.

అసలు ఉపయోగం క్విక్ రిప్లైలలో ఉంది. ప్రశ్నల పుస్తకంలోని మొదటి పది ప్రశ్నలకు జవాబులు రాసి వాటికి పొట్టి పేర్లు పెట్టుకుంటే, ‘/’ గుర్తు కొట్టి ఆ పేరు టైపు చేయగానే జవాబు మొత్తం వచ్చేస్తుంది. ఇంట్లో ఎవరు ఫోన్ పట్టుకున్నా జవాబు ఒక్కటే ఉంటుంది. అయితే ముందు అవతలివారి పేరుతో పలకరించి, ఆ తర్వాత సిద్ధంగా ఉన్న జవాబు పంపాలి. పేరు లేకుండా వచ్చిన సందేశాన్ని యంత్రం పంపిందనుకుంటారు. యాప్‌లోనే ఉండే లేబుళ్ళతో ఒక్కో చాట్‌కు ‘కొత్త ఆర్డరు’, ‘డబ్బు అందింది’, ‘పంపించాం’, ‘ఫిర్యాదు’ అని గుర్తులు పెట్టుకుంటే ఎవరి సీసా ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

అందరికీ ఒకేసారి కబురు పంపడానికి గ్రూపు కన్నా బ్రాడ్‌కాస్ట్ లిస్టు నయం. గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది, ఒకరు అడిగిన ప్రశ్నకు పదిమంది ఫోన్లు మోగుతాయి. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టు సందేశం మాత్రం మన నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అందుకే మొదటి సీసాతో పాటు చిన్న చీటీ పెట్టి, ‘కొత్తావకాయ పట్టినప్పుడు తెలియాలంటే ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని రాయాలి. సేవ్ చేసుకున్నవారు తామే ఒప్పుకున్నవారు కాబట్టి వారికి పంపే కబురు బరువనిపించదు. నెలకు రెండు సందేశాలు చాలు. పొద్దున్నే ‘శుభోదయం’ పూలబొమ్మలు పంపే వ్యాపారిని జనం మౌనంగా మ్యూట్‌లో పెడతారు, ఆ తర్వాత పంపిన మంచి కబురు కూడా చదవరు.

ఆరో మెట్టు: ఏడాది పంచాంగం

పచ్చళ్ళకు కాలమే ప్రచారకర్త. ఏప్రిల్, మే నెలల్లో కొత్తావకాయ, మాగాయ వస్తాయి. ఈ రెండు నెలల అమ్మకాలే చాలామందికి ఏడాది లెక్కను తేలుస్తాయి, కాబట్టి మార్చి చివరికే ముందస్తు ఆర్డర్లు తీసుకోవడం మొదలవాలి. కాయ కొనేముందే ఎన్ని కిలోలు కావాలో తెలిస్తే పెట్టుబడి వృథా కాదు. ఆ రోజుల్లో చెప్పడానికి కొత్త మాటలు కల్పించనక్కర్లేదు. ‘ఈరోజు కాయ దిగింది’, ‘ముక్కలు కొట్టించాం’, ‘మూడో రోజు, తిరగ కలిపాం, నూనె తేలింది’, ‘ఎల్లుండి నుంచి పంపుతాం’ అని జరుగుతున్నదే చెబితే చాలు. ఆవకాయ ఎరిగినవారికి మూడోనాటి సంగతి చదవగానే వేడన్నం గుర్తొస్తుంది.

జులై, ఆగస్టుల్లో పిల్లలు హాస్టళ్ళకూ, చదువులకు అమెరికాకూ బయలుదేరతారు. అప్పుడు అమ్మవలసింది పచ్చడితోపాటు కట్టే పద్ధతిని. కారకుండా సీల్ చేసిన పౌచ్‌లు, ఒక్కోటి ఎంత బరువు, సూట్‌కేసులో ఎలా పెట్టాలి అన్నది ఫోటోలతో చూపితే తల్లులే పదిమందికి పంపుతారు. కార్తీకంలో ఉసిరికాయ పచ్చడి వస్తుంది. ఆ నెల చాలా ఇళ్ళలో వెల్లుల్లి ముట్టరు కాబట్టి వెల్లుల్లి లేని రకాల జాబితా విడిగా పంపాలి. చలికాలంలో చింతకాయ, ఆ తర్వాత పండుమిరప. గోంగూర, టమాటా, నిమ్మ ఎప్పుడూ ఉండేవే, మధ్యలో ఖాళీ వచ్చినప్పుడు వాటిని గుర్తుచేస్తే సరిపోతుంది.

ఏడో మెట్టు: ఫోటోలు, వీడియోలు, గూగుల్

కిటికీ పక్కన పొద్దుటి వెలుతురులో, ఫ్లాష్ వాడకుండా తీసిన ఫోటోలో పచ్చడి రంగు ఉన్నదున్నట్టు పడుతుంది. ఎరుపు పెంచే ఫిల్టర్లు వాడితే సీసా చేరిన రోజున ‘ఫోటోలో ఉన్నట్టు లేదు’ అన్న మాట వస్తుంది. వీడియో ముప్పై సెకన్లు మించనక్కర్లేదు. ముక్క కోయడం, కారం కలపడం, జాడీ మీద గుడ్డ కట్టడం వంటి ఒక్క పనినే ఒక్కో వీడియోలో చూపించాలి. తలకు టోపీ, చేతికి గ్లవ్స్, తుడిచిన బల్ల కనిపిస్తే శుభ్రత గురించి మాట్లాడవలసిన పనే ఉండదు.

డబ్బు గానీ ఉచిత సరుకు గానీ తీసుకుని మన పచ్చడి గురించి చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్ అది ప్రకటన అని పోస్టులోనే తెలపాలన్నది 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ పెట్టిన నియమం. లక్షమంది అనుచరులున్న సినిమా పేజీ కన్నా, మన ఊరివాళ్ళు చూసే అయిదువేల మంది పేజీ మనకు ఎక్కువ పనికొస్తుంది.

దుకాణమో, సరుకు తీసుకెళ్ళే చోటో ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకుని, వేళలు సరిచూసి, రెండోసారి కొన్నవారిని మాత్రం సమీక్ష రాయమని అడగాలి. చుట్టాలతో రాయించిన సమీక్షలన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి, చదివేవారు ఇట్టే పసిగడతారు.

ఎనిమిదో మెట్టు: ఫిర్యాదు వచ్చినప్పుడు

సీసా పగలడం, నూనె కారడం, ఉప్పు ఎక్కువవడం, బూజు పట్టడం అనే నాలుగింటిలో ఏదో ఒకటి రాకుండా ఏడాది గడవదు. బూజు ఫిర్యాదుకు చాలామంది ఇచ్చే మొదటి జవాబు ‘మీరు తడి గరిటె పెట్టి ఉంటారు’ అని. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాట అన్న క్షణంలో మనం వ్యాపారి స్థానం నుంచి ప్రతివాది స్థానంలోకి వెళ్ళిపోతాం. ముందు చూశామని చెప్పాలి, తర్వాత వివరం అడగాలి, చివర ఏం చేస్తామో, ఎప్పటిలోగా చేస్తామో చెప్పాలి:

‘అయ్యో, ఇబ్బంది పడ్డారు, మన్నించండి. సీసా మీద బ్యాచ్ నంబరు కనబడేలా ఒక ఫోటో పంపండి. ఆ బ్యాచ్‌లో మిగిలిన సీసాలు ఈ సాయంత్రమే తెరిచి చూస్తాను. మీకు కొత్త సీసా రేపు పంపమంటారా, డబ్బు వెనక్కి ఇవ్వమంటారా?’

బ్యాచ్ నంబరు విలువ ఇక్కడ తెలుస్తుంది. అదే బ్యాచ్ కొన్న మరో ఇద్దరి దగ్గరా బూజు కనిపిస్తే, ముక్కలో తడి మిగిలిపోయిందో నూనె చాలలేదో, తప్పు మన వైపే ఉంది. అప్పుడు మిగిలినవారు అడగకముందే మనమే ఫోన్ చేయాలి. బ్యాచ్ అంతా బాగుంటే, కొత్త సీసాతోపాటు నిలవ ఉంచే పద్ధతి మర్యాదగా రాసి పంపవచ్చు. పబ్లిక్‌గా కామెంట్‌లో వచ్చిన ఫిర్యాదుకు పబ్లిక్‌గానే ఒక మర్యాదైన వాక్యం రాసి, మిగతా మాటలు ఫోన్‌లో మాట్లాడాలి. కామెంట్‌ను తీసేస్తే స్క్రీన్‌షాట్ మిగులుతుంది. కోపం వస్తే జవాబు టైపు చేసి, పంపకుండా, అరగంట జాడీలు కడిగి వచ్చి మళ్ళీ చదవండి.

తొమ్మిదో మెట్టు: లెక్క చూసుకోవడం

ప్రతి కొత్త కొనుగోలుదారునూ ‘మా గురించి ఎలా తెలిసిందండీ?’ అని అడిగి, ఆ జవాబును ప్రశ్నల పుస్తకం చివరి పేజీల్లో రాయాలి. మూడు నెలలకొకసారి కూడితే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. డబ్బు కట్టి వేసే ప్రకటనల లెక్క కూడా అక్కడే చూడాలి. మూడు వేల రూపాయల ప్రకటన వల్ల ఇరవైమంది కొత్తవారు వచ్చారనుకుందాం. సరుకు, సీసా, కూలి పోగా ఒక్కో ఆర్డరుకు 120 రూపాయలు మిగిలితే మొత్తం 2,400. అంటే మొదటి విడతలో ఆరు వందలు నష్టం. వారిలో ఎనిమిదిమంది రెండోసారి కొంటే ఇంకో 960 వచ్చి లెక్క లాభంలో పడుతుంది. కాబట్టి ప్రకటనకు ఎన్ని లైకులు వచ్చాయన్నది పక్కనపెట్టి, దాని వల్ల వచ్చినవారిలో మళ్ళీ కొన్నదెందరో చూడాలి. ముగ్గురే తిరిగి వచ్చారంటే ప్రకటన ఆపి, రానివారిలో అయిదుగురికి ఫోన్ చేసి ఏది నచ్చలేదో అడిగి, వారి జవాబులను అదే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాసుకోండి.